చమ్కీకి కట్టని పాలసీ

లింగమూర్తికి చెవులు ఎప్పుడు పోయాయంటే ఆయనకే తెలియదు. కోరుట్ల దగ్గరి పల్లె నుంచి, మీసాలు ఇంకా సరిగా రాని వయసులో సూరత్ వచ్చాడు. వచ్చిన నాటి నుంచీ సాంచాల మధ్యే బతుకు. ఆ మరమగ్గాలన్నీ ఒక్కసారిగా ఆడుతుంటే షెడ్డులో పక్క మనిషి గొంతు చించుకున్నా వినిపించదు. పెదాలు చూసి మాట పట్టుకోవాల్సిందే. అలా పట్టుకోవడం అలవాటైపోయింది. షెడ్డు బయట కూడా తాను పెదాలే చూస్తున్నాడనీ, చెవులతో వినడం ఎప్పుడో మానేశాడనీ గుర్తించేసరికి వయసు నలభై దాటింది. అప్పటికి చేసేదేమీ లేదు. సాంచాల పని చేసే వాళ్లలో చాలామందికి అంతే కాబట్టి దాన్నొక జబ్బుగా కూడా అనుకోలేదు.

సూరత్ శివారు భేస్తాన్‌లో రెండు గదుల అద్దె ఇల్లు. భార్య ప్రమీల చీరలకు లేసులు కుట్టే పని ఇంటికి తెచ్చుకుని చేస్తుంది. ఒక్కతే కూతురు హారతి. ఇక్కడే పుట్టి, ఇక్కడే చదివి, ఆల్థాన్‌లో ఒక బట్టల వ్యాపారి ఆఫీసులో బిల్లులు రాసే పనిలో కుదిరింది. చెవిటి తండ్రి దగ్గర పెరిగిన పిల్ల కాబట్టి ఆయనతో మాట్లాడాలంటే ఎదురుగా వచ్చి, ముఖం ఎత్తి, ఒక్కో మాటా నిదానంగా చెబుతుంది. తల్లికి అంత ఓపిక లేదు. ఆమె చేతులు ఊపి పని కానిచ్చేస్తుంది.

చమ్కీ వాళ్లింటికి వచ్చి మూడేళ్లవుతోంది. షెడ్డు వెనక పారేసిన చీరల ముక్కల కుప్పలో దొరికింది. గోధుమరంగు కుక్కపిల్ల. ఒంటి నిండా చీరల మీది చమ్కీలు అంటుకుని ఎండలో తళతళలాడుతుంటే లింగమూర్తి నవ్వి, లుంగీ చెంగులో వేసుకుని తెచ్చాడు. ప్రమీల రెండు రోజులు ముఖం మాడ్చుకుంది. మూడో రోజు పాలల్లో రొట్టె నానబెట్టి తనే పెట్టింది.

దానికి ఎవరూ ఏమీ నేర్పలేదు. తలుపు కొడితే ఈయన లేవడని అదే తెలుసుకుంది. వచ్చి మోకాలికి మూతి ఆనించేది. కుక్కరు కూత పెడితే వంటింటి గడప దాకా పోయి, వెనక్కి వచ్చి, మళ్లీ పోయేది. రోడ్డు మీద ఎప్పుడూ బండ్లు వచ్చే పక్కనే నడిచేది. వెనక నుంచి స్కూటరు వస్తే చాలు, ఆయన కాళ్లకు ఒంటితో రాసుకుంటూ పక్కకు నెట్టేది. వాడకట్టులో వాళ్లు చమ్కీని చూపించి "లింగమూర్తి చెవులు పోతున్నయి చూడుండ్రి" అని నవ్వేవాళ్లు. ఆయనా నవ్వేవాడు.

ఒకరోజు అన్నం తింటుండగా హారతి ఎదురుగా వచ్చి కూర్చుంది.

"బాపూ, చమ్కీకి ఇన్సూరెన్స్ చేపిద్దాం."

పెదాలు సరిగా చదవలేదేమో అనుకున్నాడు. "ఎవలకు?"

"చమ్కీకి. కుక్కలకు కూడ ఉంటది."

ప్రమీలకు నవ్వు ఆగలేదు. "మీ బాపుకే లేదు పాలసీ, కుక్కకా! ఇంక నయం, దానికి రేషన్ కార్డు తెస్త అంటలేవు."

"నవ్వకమ్మా. మా ఆఫీస్‌ల నిమిషా కుక్క కారు కింద పడ్డది. మస్తు ఖర్చయింది. పాలసీ ఉండె కాబట్టి చానా మట్టుకు వాపస్ వచ్చినయి. మనకు గిట్ల అయితే ఏం చేస్తం?"

"ఏం గాకపోతే?" అన్నాడు లింగమూర్తి. "కట్టిన పైసలన్ని బూడిదల పోసినట్టే గద."

"ఏం గాకపోతే మంచిదే గద బాపూ. ఏం కావద్దనే గద మనం కోరుకునేది."

ఆ మాట ఆయనకు ఒప్పుకోబుద్ధి కాలేదు. కట్టిన డబ్బు తిరిగి రావద్దని కోరుకుంటూ కట్టడం ఏం లెక్కో ఆయన తలకెక్కలేదు. హారతి మాత్రం అన్నీ కనుక్కునే వచ్చింది. కుక్క చిన్న వయసులో ఉండగానే తీసుకోవాలి. టీకాలు వేసి ఉండాలి, చమ్కీకి ఆ ఏడాదివి వేయించే ఉన్నాయి. ముందే ఉన్న జబ్బుకు ఇవ్వరు. ఏదైనా జరిగితే ముందు మనం కట్టి, తర్వాత బిల్లులు పెట్టి తెచ్చుకోవాలి. స్టేషన్ దగ్గర పాలసీలు చేసే అంబదాస్ మనవాడే, అతను రాసిస్తాడు. ఏడాదికి నాలుగు వేలు. జీతంలోంచి తనే ఇస్తుంది.

"నువ్వే కట్టరాదు ఫోన్ల?"

"కుక్క నీది. పాలసీ నీ పేరు మీద. సంతకం నువ్వే పెట్టాలె," అని నవ్వి, మర్నాడు డబ్బు ఒక కవరులో పెట్టి తండ్రి చొక్కా జేబులో దోపింది. పని దిగి వచ్చేటప్పుడు అంబదాస్ దగ్గర ఆగి రమ్మంది.

ఆ రోజే రాజమల్లు చేయి సాంచా పళ్లచక్రంలో పడింది.

రాజమల్లు ఆయన పక్క మగ్గాలు చూసే మనిషి. పక్కపక్కన నిలబడి పదేళ్లకు పైగా పెదాలతోనే మాట్లాడుకున్నారు. ఆ రోజు రాజమల్లు నోరు తెరవడం చూశాడు కానీ, అది మాట కాదని, కేక అని అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. పరుగెత్తి మగ్గం ఆపింది లింగమూర్తే. రెండు వేళ్లు పోయాయి. దవాఖానాకు తీసుకుపోయాక షెడ్డు యజమాని శేఠ్ కొంత ఇచ్చాడు. మిగతాది పనివాళ్లే వేసుకోవాలని ఒకాయన తువ్వాల పరిచి వరుసలో తిరిగాడు. ఎవరి దగ్గర ఉన్నది వాళ్లు వేస్తున్నారు.

తువ్వాల లింగమూర్తి ముందుకు వచ్చింది. ఒక జేబులో చాయ్ తాగేందుకు పెట్టుకున్న చిల్లర. ఇంకో జేబులో కవరు. చిల్లర వేసి ఊరుకోవచ్చు. కానీ రాజమల్లు చొక్కా మీది రక్తం ఇంకా ఈయన చేతికే ఉంది. ఆ చేత్తో కవరు తడుముకుంటే, మనిషి వేళ్లు తెగిపడ్డ చోట నిలబడి కుక్క కోసం డబ్బు దాచుకున్నట్టు అనిపించింది. తీసి తువ్వాలలో వేశాడు. తువ్వాల పట్టుకున్నాయన కవరు విప్పి చూసి, అందరి వైపూ తిరిగి ఏదో అన్నాడు. లింగమూర్తిది పెద్ద మనసు అన్నాడని ఆయన పెదాల మీద చదివాడు. అది తన డబ్బు కాదని చెప్పలేదు.

ఇంటికి వచ్చాక హారతి అడిగింది. "కట్టినవా బాపూ?"

"కట్టిన."

చెప్పేద్దామనే అనుకున్నాడు. రాజమల్లు సంగతి ఎలాగూ చెప్పాడు. వేళ్లు పోయాయని చెబుతుంటే హారతి కళ్లు తుడుచుకుంది కూడా. అప్పుడే "ఆ పైసలు గందుకే ఇచ్చిన బిడ్డా" అనేస్తే సరిపోయేది. కానీ 'కట్టిన' అని ముందే అనేశాడు. కూతురి ముందు అన్న మాట వెనక్కి తీసుకోవడం కంటే, పగార్ రాగానే కట్టేసి అబద్ధాన్ని నిజం చేసుకోవడం తేలికనిపించింది.

పగార్ వచ్చింది. కిరాయికి పోయింది. మళ్లీ వచ్చింది. ఊళ్లో తమ్ముడి కొడుకు పెండ్లికి పోయింది. కాగితాలేవని హారతి అడిగితే అంబదాస్ దగ్గరే ఉన్నాయన్నాడు. ఆ పిల్ల నమ్మింది. అసలు సంగతి ఏమంటే, కట్టలేక కాదు. పెండ్లికి పోయినప్పుడు మంచి చెప్పులు కొనుక్కున్నాడు. చాయ్ హోటల్లో నలుగురికి తనే ఇచ్చాడు. అవన్నీ కలిపి, ఇంకాస్త ఆపుకుంటే పాలసీ అయ్యేది. మనసులో ఒక మూల కుక్కకు పాలసీ దండుగ అనే మాట అలాగే ఉంది కాబట్టి కట్టలేదు. తర్వాత్తర్వాత ఆయన్ను కొరికింది ఆ మూలే. రాజమల్లుకు ఇచ్చినందుకు ఆయన ఒక్కనాడూ బాధపడలేదు.

వానాకాలం ఒక ఆదివారం పొద్దున చమ్కీని తీసుకుని కూరగాయలకు బయలుదేరాడు. రోడ్డంతా బురద. బట్టల గోదాము గేటు ముందు నీళ్లు నిలిస్తే, తడవకుండా దాటేందుకు రాళ్ల మీద అడుగులు చూసుకుంటూ పోతున్నాడు. చమ్కీ వచ్చి కాలికి రాసుకుంది. పట్టించుకోలేదు. ప్యాంటు అంచు పట్టి లాగింది. కొత్త చెప్పులు బురదలో దిగబడ్డాయి. కోపం వచ్చి, "ఛల్, పో!" అని కాలితో విదిలించాడు.

అది పక్కకు పోయింది. పోయి ఆయన వెనకవైపుకు చేరింది. ఆయన ముందుకు ఒక అడుగు వేశాడు. ఎదురుగా చాయ్ బండి దగ్గర నిలబడ్డవాళ్ల నోళ్లన్నీ ఒక్కసారిగా తెరుచుకోవడం చూసి వెనక్కి తిరిగాడు. బట్ట చుట్టలు నింపుకున్న టెంపో ఒకటి, వెనక్కి వస్తూ వస్తూ, ఆయనకు చేయి చాపితే తగిలేంత దూరంలో ఆగి ఉంది. చక్రం పక్కన బురదలో చమ్కీ ఉంది. నోరు తెరిచి ఉంది. అరుస్తోందని తెలుస్తోంది. వెనక ఎడమ కాలు ఉండాల్సిన తీరున లేదు.

ఆయన్ను కాపాడబోయి కుక్క చక్రం కింద పడిందని చాయ్ బండివాళ్లు తర్వాత పది మందికి చెప్పారు. కుక్కలు బండ్ల మీదికి ఊరికే కూడా పోతాయి. నిజం ఏదో లింగమూర్తికి తెలియదు. ఆయనకు ఖాయంగా తెలిసింది ఒక్కటే. అది వచ్చి చెప్పింది, తాను కాలితో విదిలించాడు.

కబురందుకుని పరుగెత్తుకొచ్చిన హారతి ఆటోలో చమ్కీని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. దానికి చుట్టిన దుప్పటి రక్తంతో తడిసిపోయింది. ఆల్థాన్‌లో నిమిషా చెప్పిన దవాఖానాకే పోయారు. డాక్టరు ఒక గుజరాతీ ఆవిడ. ఎక్స్‌రే తీసి, చూపిస్తూ హారతితో మాట్లాడింది. హారతి తండ్రి వైపు తిరిగి ఒక్కో మాటా చెప్పింది.

"బొక్క మూడు తావుల ఇరిగింది బాపూ. రెండు దార్లున్నయంట. ప్లేట్లేసి కాలు నిలబెట్టచ్చు. ఖాయం అనలేం గానీ చిన్న వయసు కదా, నిలబడ్తది అంటుంది. లేకుంటే కాలు తీసేసుడు."

"ప్లేట్లకు ఎంతయితదట?"

"అరవై వేలు దాటుతది. పర్వా లేదు బాపూ. ఇప్పుడే మా శేఠ్‌కు ఫోన్ చేసిన. అడ్వాన్స్ ఇస్త అన్నడు. క్లెయిం రాంగనే వాపస్ ఇస్త అని చెప్పిన." ఫోను తీసి సిద్ధంగా పట్టుకుంది. "అంబదాసన్న నంబర్ చెప్పు. ముందుగాల్నే ఫోన్ చేసి చెప్పాలంట."

లింగమూర్తి కూతురి ముఖం చూశాడు. పొద్దుటి నుంచీ ఏడ్చిన ముఖం. అయినా దిగులు లేదు. చేయాల్సింది చేశాం అన్న ధైర్యం ఉంది అందులో. ఆ ధైర్యం తాను ఇచ్చిందే.

"లేదు బిడ్డా."

"ఏంది లేదు? నంబరా?"

"పాలసీ. కట్టలే నేను."

ఎందుకని హారతి అడుగుతుందేమో, అడిగితే రాజమల్లు సంగతి చెబుదామని ఆయన గొంతు సవరించుకున్నాడు. ఆ పిల్ల అడగలేదు. ఫోను బ్యాగులో పెట్టుకుంది. డాక్టరు వైపు తిరిగి ఏదో చెప్పింది. లింగమూర్తికి కూతురి జడ, వీపు మాత్రమే కనిపించాయి. డాక్టరు ఒకసారి ఆయన వైపు చూసి తల ఊపింది. అది చాలు, కాలు తీసేసే దారే తేలిందని తెలిసిపోయింది.

యజమాని ఆయనే కాబట్టి ఆయనతోనే సంతకం చేయించారు. లోపలికి తీసుకుపోతుంటే చమ్కీ తల ఎత్తి ఈయన కోసమే చూసింది. ఆయన కళ్లు దించుకున్నాడు.

ఆ తర్వాత ఇంట్లో రోజులు మహా కష్టంగా గడిచాయి. ప్రమీలకు ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆమె తల కొట్టుకుంది. "రాజమల్లుకిస్త అంటే మేం వద్దంటుంటిమా? ఇచ్చినవ్, మంచిగ చేసినవ్. ఇంటికొచ్చి చెప్పనీకి ఏమైంది నీకు? నోరు పడిపోయిందా?" అని చేతులు ఊపుతూ అరిచింది. అలా అరుస్తుంటే ఆయనకు కాస్త తేలికనిపించింది. హారతి మాత్రం అరవలేదు. తల్లి చెప్పగా సంగతంతా తెలుసుకుంది. తండ్రితో మాటలు మానలేదు కూడా. కాకపోతే ఎదురుగా రావడం మానేసింది. గిన్నెలు సర్దుకుంటూ, తల దువ్వుకుంటూ, అటు తిరిగే ఏదో ఒకటి అనేది. చెప్పానా అంటే చెప్పినట్టే. ఈయనకు అందేది కాదు. అడగడానికి ముఖం చెల్లేది కాదు.

చమ్కీ మాత్రం ఏమీ మారలేదు. కట్టు విప్పిన నాటి నుంచీ గోడకు ఆనుకుని లేచి నిలబడడం మొదలుపెట్టింది. ఒకరోజు ఇంట్లో ఎవరూ లేరు. లింగమూర్తి కూర్చుని బీడీ కాల్చుకుంటున్నాడు. మూల పడుకున్న కుక్క ఉన్నట్టుండి చెవులు నిక్కించి లేచింది. మూడు కాళ్ల మీద రెండు గెంతులు గెంతి, సగం దూరంలో పక్కకు ఒరిగి పడింది. మళ్లీ లేచింది. వచ్చి మోకాలికి మూతి ఆనించింది. తలుపు దగ్గర గ్యాస్ బండ తెచ్చిన మనిషి నిలబడి ఉన్నాడు. అతనితో బండ దింపించుకుని, తలుపు వేసి, లింగమూర్తి నేల మీద కూలబడ్డాడు.

"ఎందుకే లేస్తవ్? ఎవడొస్తే నీకెందుకు? పోతే పోనీ," అని దాన్ని తిట్టాడు. తిడుతూ తిడుతూ దాని మెడలో తల పెట్టుకుని ఏడ్చాడు. కుక్క తిడితే పోదు. అలిగి అటు తిరిగి కూర్చోదు. హారతి అలక భరించవచ్చు గానీ ఇది భరించడం ఆయన వల్ల కాలేదు.

కొన్నాళ్లకు రాజమల్లు చూడడానికి వచ్చాడు. కుక్కకు ప్రమాదం జరిగిందని షెడ్డులో విన్నాడు, అంతే. తువ్వాలలో పడ్డ ఆ కవరు ఏ పని కోసం పెట్టిందో అతనికి తెలియదు. హారతి ఇంట్లోనే ఉంది. అతనికి చాయ్ తెచ్చి ఇచ్చింది. రాజమల్లు గ్లాసు ఎడమ చేత్తో పట్టుకున్నాడు. కుడి చేతికి కట్టు లేదు. ఉంగరపు వేలు, చిటికెన వేలు ఉండాల్సిన చోట ఎర్రటి చర్మం ముడతలు పడి ఉంది.

"మల్ల పనికి పోతున్నవా కాకా?" అని హారతి అడిగింది.

"పోతున్న బిడ్డా. మగ్గాలు నడపనిస్తలేరు, బట్ట మడతపెట్టే కాడ ఏసిండ్రు. మీ బాపు ఆనాడు గన్ని పైసలియ్యకపోతే మందులకు కూడ దిక్కు లేకుండె. నేను యాది మరువ."

లింగమూర్తి తల దించుకున్నాడు. ఇప్పుడు ఈ పిల్ల ఏమంటుందోనని భయపడ్డాడు. హారతి ఖాళీ గ్లాసు అందుకుంది. రాజమల్లు కింద కూర్చుని, ఆ మూడు వేళ్ల చేత్తో చమ్కీ తల నిమిరాడు. కుక్క ఆ చేతిని వాసన చూసి నాకింది. హారతి చాలాసేపు ఆ చేతినే చూస్తూ నిలబడింది.

అతను వెళ్లిపోయాక ఆ పిల్ల వచ్చి తండ్రి ఎదురుగా కూర్చుంది. ముఖం ఎత్తింది.

"అప్పుడే చెప్తే ఏమైతుండె బాపూ?"

"ఏం కాకపోతుండె."

"నువ్వు ఇచ్చినందుకు కాదు నాకు కోపం. నాలుగు వేలు మల్ల ఇస్తుంటి. నువ్వు కట్టిన అన్నవని నేను నమ్మిన. ఇగ చమ్కీకి ఏమైనా మనకు భయం లేదని అందరికి చెప్పుకున్న. దవాఖానల కూడ గదే చెప్పిన."

"తప్పయింది బిడ్డా," అన్నాడు. ఎన్నాళ్ల నుంచో నోట్లో ఉన్న మాట. అన్నాక కూడా బరువు దిగలేదు.

ఆ మర్నాటి నుంచి లింగమూర్తి అదనపు షిఫ్టులు చేయడం మొదలుపెట్టాడు. బీడీలు తగ్గించాడు. నాలుగు వేలు జమ కాగానే తెచ్చి కూతురి ముందు పెట్టాడు. "పా బిడ్డా, చమ్కీ పాలసీ కట్టొద్దాం."

హారతి డబ్బు ముట్టుకోలేదు. "ఇప్పుడెందుకు బాపూ? లెక్క చూసిన నేను. పోయిన కాలుకు సంబంధించింది ఏది వచ్చినా ఇయ్యరు. రేపు మిగిలిన కాళ్ల మీద బరువు పడి నొప్పులొస్తే, అది కూడ దీనివల్లే అంటరేమో. ఈ పైసలు బ్యాంకుల ఏసి పెడదాం. దాని కోసమే. అదే నయం."

ఒకప్పుడు తాను దండుగ అన్నదాన్నే ఇప్పుడు ఈ పిల్ల దండుగ అంటోంది. ఆ రోజైతే సంతోషంగా ఒప్పుకునేవాడు. ఇప్పుడు ఒప్పుకోబుద్ధి కాలేదు. "వేరే రోగాలు రావా దానికి? నేను కడ్త," అని మొండికేశాడు.

"చమ్కీ కోసం కడ్తవా, నీ మనసు నిమ్మలం కోసం కడ్తవా?"

లింగమూర్తి ఆలోచించాడు. అబద్ధం ఆడదలచుకోలేదు. "నాకు ఎరుక లేదు," అన్నాడు. డబ్బు ఆమె వైపు ఇంకాస్త జరిపి, "బ్యాంకుల ఏస్తే అవి నా పైసలే బిడ్డా. ఎవనికో కష్టమొస్తది, తువ్వాల పరుస్తరు, మల్ల తీసి ఇస్త. నా సంగతి నాకు తెలుసు. కట్టేస్తే నా చేతుల ఉండయి," అన్నాడు.

హారతికి నవ్వు వచ్చింది. ఆ ప్రమాదం తర్వాత ఇంట్లో ఆ పిల్ల నవ్వడం అదే మొదటిసారి. "సరే పా. నేను కూడ వస్త," అంది.

ముందు ఆ ఏడాది టీకాలు వేయించారు. తర్వాత ఒక మధ్యాహ్నం చమ్కీని ఆటోలో ఎక్కించుకుని అంబదాస్ దగ్గరికి పోయారు. చిన్న గది, గోడకు దేవుళ్ల క్యాలెండర్లు, ఒక టేబుల్. అంబదాస్ మొహమాటం లేని మనిషి. ఏవి ఇస్తారో ఏవి ఇవ్వరో విడమరిచి చెప్పాడు. "ఆలోచించుకో లింగమూర్తన్నా. ఏమన్న అయితేనే పనికొస్తది. ఏం గాకపోతే రూపాయి వాపస్ రాదు."

"రావద్దనే కడుతున్న," అన్నాడు లింగమూర్తి.

అంబదాస్ నవ్వి, "మరి నీకున్నదా? సాంచాల మీద పని, చెవులు ఇనపడయి. ఏమన్న జరిగితే ఇంటోళ్లకు పనికొచ్చే పాలసీ ఉన్నది, దీనికంటే మస్తు అగ్గువ," అన్నాడు. లేదని హారతి చెప్పింది. దానికీ కాగితాలు ఇమ్మంది. కుక్క కంటే తన ఖరీదు తక్కువ పలకడం చూసి లింగమూర్తికి నవ్వు రావాల్సింది. రాలేదు. న్యాయంగానే ఉంది అనిపించింది.

కుక్కను గుర్తుపట్టడానికి ఫోటోలు కావాలన్నాడు అంబదాస్. రెండు పక్కల నుంచీ, నిలబెట్టి తీయాలట. కుడి పక్కది సులువుగానే అయింది. ఎడమ పక్కకు తిప్పితే చమ్కీ అలిసిపోయి కూర్చుంటోంది. లింగమూర్తి మోకాళ్ల మీద వంగి, దాని పొట్ట కింద చేయి పెట్టి పైకి ఎత్తి పట్టుకున్నాడు. కాలు ఉండాల్సిన చోట బొచ్చు కొత్తగా మొలిచి మెత్తగా తగిలింది. అంబదాస్ ఫోటో తీసుకుని, కలం పట్టుకున్నాడు.

"గుర్తింపు కింద వెనక ఎడమ కాలు లేదు అని రాస్తున్న. ఎట్ల పోయిందన్నా?"

హారతి నోరు తెరిచింది. లింగమూర్తి ఆమెకంటే ముందే మాట్లాడాడు. గోదాము దగ్గర టెంపో వెనక్కి వచ్చిందనీ, తనకు వినిపించలేదనీ, అది ప్యాంటు పట్టి లాగితే చెప్పులకు బురద అంటిందని తన్నాననీ చెప్పాడు. తన్నిన సంగతి అంతవరకు ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. పాలసీ డబ్బు కూతురు ముందే ఇచ్చిందనీ, కట్టకుండానే కట్టానని చెప్పాననీ, కట్టి ఉంటే ఆ కాలు నిలబెట్టేవాళ్లేమోననీ చెప్పాడు. చెబుతున్నంతసేపూ కుక్క పొట్ట కింది చేయి తీయలేదు.

అంబదాస్ ఇబ్బందిగా కదిలాడు. "గదంత రాసే జాగ లేదన్నా ఇండ్ల. ప్రమాదం అని రాస్త, చాలు," అన్నాడు.

హారతి తండ్రి వైపు చూసింది. వచ్చి ఆయన పక్కనే మోకాళ్ల మీద కూర్చుని, "నువ్వు జర వదులు బాపూ, చెయ్యి గుంజుతది," అని, తన చేయి కుక్క పొట్ట కిందికి పోనిచ్చింది.

ఆయన వదలలేదు. ఇద్దరి చేతుల మీదా బరువు వేసి చమ్కీ నిలబడింది. అంబదాస్ కాగితం ఇటు తిప్పి సంతకం ఎక్కడ పెట్టాలో చూపించాడు.